పాత జీపులో హెడ్‌లైట్ స్విచ్ మాటిమాటికీ ఎందుకు కాలిపోతోంది?

మీరు చెప్పింది ఇదీ: పాత మహీంద్రా సీజే-3బీ జీపు, 12 వోల్టుల బ్యాటరీ. హెడ్‌లైట్ స్విచ్ కొత్తది వేసినా వేడెక్కి కాలిన వాసన వస్తోంది, లైట్లు ఉన్నట్టుండి ఆరిపోతున్నాయి, బ్రేక్ లైట్లూ రావట్లేదు. వెలుగు చాలట్లేదని ఆమధ్య 90/100 వాట్ల బల్బులు (దగ్గరికి పడే లోబీమ్‌కి 90, దూరం పడే హైబీమ్‌కి 100) వేయించారు. ఎలక్ట్రీషియనేమో వైరింగ్ మొత్తం పీకేద్దామంటున్నాడు.

వైరింగ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు ఆ బల్బుల సంగతి చూడాలి. ఆ కాలం గుండ్రటి హెడ్‌లైట్లలో మామూలుగా వాడింది 40/45 వాట్ల బల్బులు. రెండూ హైబీమ్‌లో వెలిగితే స్విచ్ గుండా పోయే కరెంటు ఏడున్నర ఆంపియర్లు. మీరు వేసిన వాటితో అది 16 దాటుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. స్విచ్ లోపలి పాయింట్లు కాస్త నల్లబడి 0.1 ఓమ్ అడ్డు వచ్చిందనుకోండి, పాత బల్బులతో అక్కడ పుట్టే వేడి ఆరు వాట్ల లోపే. మీ బల్బులతో పాతిక వాట్ల పైమాటే. బొటనవేలంత బేకలైట్ ముక్క మీద సోల్డరింగ్ ఐరన్ ఆనించి ఉంచినట్టే. ఎన్ని కొత్త స్విచ్‌లు వేసినా ఇంతే.

పాడేరు ఘాట్‌లో రాత్రిళ్లు తిరిగే జీపు నాది, ఇలాంటిదే. లైట్లు తేడా చేస్తే నేను మొదట చేసేది వోల్టేజీ డ్రాప్, అంటే కరెంటు పారుతుండగా స్విచ్‌లోనే ఎన్ని వోల్టులు పోతున్నాయో చూడటం. చాలామంది స్విచ్ విప్పి మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, కుయ్యిమనగానే ‘స్విచ్ బాగానే ఉంది’ అనేస్తారు. ఆ పరీక్ష నేను నమ్మను. బీప్ కోసం మీటర్ పంపే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది, కాలిన పాయింట్ కూడా అంత మాత్రం పోనిస్తుంది. స్విచ్‌ని బండిలోనే ఉంచి హైబీమ్ వేయండి. మీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టి, ఒక ప్రోబ్ స్విచ్‌లోకి కరెంటు వచ్చే టెర్మినల్‌కి, రెండోది హెడ్‌లైట్‌కి పోయే టెర్మినల్‌కి ఆనించండి. 0.2 వోల్టుల లోపు చూపిస్తే స్విచ్‌కి ఏమీ కాలేదు. అర వోల్టు దాటితే లోపల పాయింట్లు పోయాయి, లేదా టెర్మినల్ రివెట్ వదులైంది.

ఇదే పరీక్ష ఫుట్ డిప్పర్‌కి, అంటే కాలితో తొక్కి హైబీమ్, లోబీమ్ మార్చే స్విచ్‌కి కూడా చేయండి. అసలు నాకు ఎక్కువ అనుమానం దాని మీదే. క్లచ్ పక్కన ఫ్లోర్‌లో ఉంటుంది కాబట్టి బురద, వాననీళ్లు, చెప్పుల మట్టి అన్నీ దానికే. కాలితో తొక్కగానే లైట్లు ఆరి, మళ్లీ తొక్కితే వస్తున్నాయంటే దాదాపుగా డిప్పరే. విప్పి, పాయింట్లు అందితే జీరో నంబర్ ఎమరీ పేపర్‌తో తుడిచి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టొచ్చు. కానీ పెద్ద ఖరీదైనదేం కాదు, మార్చేయడమే సుఖం. విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి.

లైట్లు కాసేపు వెలిగి, ఆరి, మళ్లీ వాటంతటవే వస్తుంటే అది వేరే కథ. లాగి వేసే స్విచ్‌లు కొన్నింటి లోపల వేడికి వంగే బ్రేకర్ ఉంటుంది. లోడ్ ఎక్కువైనా, ఎక్కడో వైరు బాడీకి తగులుతున్నా అది తెగి, చల్లబడ్డాక కలుస్తుంది. పాపం ఆ స్విచ్ తన పని తాను చేస్తున్నట్టే లెక్క.

శాశ్వత పరిష్కారం రిలేలు, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌లు. హైబీమ్‌కి ఒకటి, లోబీమ్‌కి ఒకటి. బ్యాటరీ పాజిటివ్ దగ్గరే ఫ్యూజు పెట్టి, అక్కణ్నుంచి 2.5 చదరపు మి.మీ. రాగి వైరు రిలే 30 నంబరు పిన్నుకి తెచ్చి, 87 నుంచి బల్బులకి ఇవ్వాలి. డిప్పర్ నుంచి వచ్చే పాత వైరుని 86కి, 85ని బాడీకి. ఇక పాత స్విచ్ మోసేది రిలే కాయిల్ లాగే కరెంటే, పావు ఆంపియర్ కూడా ఉండదు. అయినా 90/100 బల్బులు తీసేసి 55/60 వేసుకోమనే చెబుతాను. ఇక్కడ ఒక్కో రిలేకి 15 ఆంపియర్ల ఫ్యూజు చాలు. వోల్టేజీ పూర్తిగా అందితే ఆ వెలుగే సరిపోతుంది, ఎదుటివాడి కళ్లూ బతుకుతాయి.

ఎర్త్ మర్చిపోవద్దు. బల్బు ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కూడా అదే డ్రాప్ కొలవండి. పెయింట్ మీద బిగించిన ఎర్త్ వల్ల లైట్లు గుడ్డిగా వెలుగుతాయి, నింద మాత్రం స్విచ్ మీద పడుతుంది. బోల్టు కింద ఇనుము మెరిసేదాకా గీకి, బిగించాక కాస్త గ్రీజు పూయండి.

బ్రేక్ లైట్లు కూడా రావట్లేదన్నారు కదా. బ్రేక్ లైన్‌లో ఉండే ప్రెషర్ స్విచ్ రెండు వైర్లూ తీసి ఒకదానికొకటి కలపండి. లైట్లు వెలిగితే స్విచ్ పోయింది. అయితే దాన్ని మార్చినప్పుడు లైన్‌లోకి గాలి చేరుతుంది, బ్రేకులు బ్లీడ్ చేయకుండా, అంటే ఆ గాలి బయటికి తీయకుండా బండి కదపొద్దు.

ఇవన్నీ అయ్యాక, ఏదైనా పాత వైరుని వేలికి చుట్టి చూడండి. పైతొడుగు పగిలి రాగి బయటపడితే అప్పుడు మీ ఎలక్ట్రీషియన్ చెప్పింది చేయించండి.