సొంతంగా చదరంగం ఆడే ప్రోగ్రామ్ రాయడానికి ఎన్నాళ్లు పడుతుంది?

రెండు వారాంతాలు చాలని చెప్పేవాళ్లను నమ్మకండి. వాళ్లు ఎత్తుల లెక్కంతా ఇంకెవరో రాసిపెట్టిన కోడ్ లైబ్రరీ నుంచి తెచ్చుకుంటారు. పైన నాలుగు ముక్కలు అతికించి "నా ఇంజన్" అంటారు. పెళ్లిలో వడ్డించినవాడు వంట నాదే అన్నట్టు ఉంటుంది ఆ మాట. నేను గత దీపావళికి మొదలుపెట్టాను, తొమ్మిది నెలలైంది. నా ప్రోగ్రామ్ ఇప్పుడు నన్ను ఓడిస్తోంది కూడా. అయినా పూర్తయిందని చెప్పను. ఈ తొమ్మిది నెలల్లో చెప్పుకోదగ్గవి పదకొండు రోజులు.

బుద్ధి నేర్పకముందే ప్రోగ్రామ్‌కు పెట్టవలసిన పరీక్ష ఒకటుంది. పెర్ఫ్ట్ అంటారు. చెల్లే ఎత్తులన్నీ ఆడించి, ఎన్ని దారులు వచ్చాయో లెక్కపెట్టించడమే. ఆట మొదట్లో తెల్లకు 20 ఎత్తులు. నల్ల బదులు కూడా కలిపితే 400. మూడో ఎత్తుకు 8,902, నాలుగుకు 1,97,281, అయిదుకు 48,65,609. ఈ అంకెలు ఎవరు రాసిన ప్రోగ్రామ్‌కైనా ఒకటే రావాలి. ఇంటర్నెట్‌లో పట్టిక చూసి, మొత్తాల వరుస ఒక్కటే టీటీడీ డైరీలో రాసుకున్నాను. నాలుగు వరకు పైసాతో సహా సరిపోయింది. అయిదు దగ్గర 48,65,351 వచ్చింది. 258 తక్కువ.

నేను లెక్కల గుమాస్తాను. నెలాఖరులో రూపాయి తేడా వచ్చినా రాత్రి పది దాకా కుర్చీ వదలను. ఈ 258 నాకు నిద్ర లేకుండా చేసింది. గుర్రం బోర్డు అంచు దాటి అవతలి వైపు దూకుతోందా అని చూశాను. లేదు. రాజుకు అడ్డుగా నిలబడిన పావును తప్పుగా కదలనివ్వడం లేదా అనుకున్నాను. అదీ కాదు. చివరికి నేరం నేను రాసిన పైథాన్ భాష మీద మోపి, మొత్తం సీ భాషలో తిరగరాశాను. మళ్లీ 48,65,351. రెండు నిమిషాలు పట్టే తప్పు ఇప్పుడు ఒక్క సెకనులో వస్తోంది, అంతే తేడా.

పైగా మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. తిరుపతిలో ఇల్లున్నవాడికి వారాంతం అనేది ఉండదు. శ్రీవారు కొండ మీద ఉంటారు, ఆయన కోసం వచ్చే బంధువులు బైరాగిపట్టెడలో మా ఇంట్లో ఉంటారు. పెళ్లికి పిలిస్తే రానివాళ్లు కూడా "గది దొరుకుతుందా, దర్శనానికి ఏమైనా చేయగలవా" అని ఫోన్ చేస్తారు. నాకు ఎవరూ తెలియదని చెబితే నమ్మరు, కావాలని దాస్తున్నాననుకుంటారు. కంప్యూటర్ ఉన్న గదిలోనే పక్కలు వేయాలి. సరిగ్గా బుర్రలో ఒక దారి తోచే వేళకు "కాఫీ పొడి ఎక్కడుంది?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

అయితే నా పదకొండు రోజుల పీడ వదిలించింది కూడా అలా వచ్చినవాళ్లే. ఒంగోలు నుంచి మా మరదలు వాళ్లు వచ్చారు. అలిపిరి నుంచి నడిచి వెళ్లాలని మొక్కు, 3,550 మెట్లు. పెద్దవాళ్లు తెల్లవారుజామున సర్దుకుంటూ ఉంటే, అయిదో తరగతి చదివే వాళ్ల అమ్మాయి వచ్చి నా ప్రోగ్రామ్‌తో ఆడటం మొదలుపెట్టింది. కోచింగ్‌కు వెళుతుందట. దాని తెల్లబంటు అయిదో వరుసకు చేరింది. నా ప్రోగ్రామ్ ఒక నల్లబంటును రెండు గడులు దూకించి సరిగ్గా దాని పక్కన నిలబెట్టింది. అమ్మాయి తన బంటును ఐమూలగా ఖాళీ గడిలోకి జరపబోయింది. "చెల్లని ఎత్తు" అని తెర మీద వచ్చింది. మళ్లీ జరిపింది. మళ్లీ అదే.

"పెదనాన్నా, మీ కంప్యూటర్‌కు ఆట రాదు. ఎన్ పాసాంట్ కూడా తెలియదు. రెండు గడులు దూకి పక్కకొచ్చిన బంటును ఇలా ఐమూలగా వెళ్లి కొట్టేయొచ్చు."

అప్పుడైనా నోరు మూసుకోవలసింది. "అలాంటి నియమం లేదమ్మా" అన్నాను. మా సార్ చెప్పారంది. మీ సార్‌కు తెలియదన్నాను. నలభై ఏళ్లుగా ఆడుతున్నానని కూడా అన్నాను. అది వాదించలేదు, జాలిగా చూసి జడ వేయించుకోవడానికి వెళ్లిపోయింది.

అనుమానం వచ్చి ఆ పట్టిక మళ్లీ తెరిచాను. అయిదో ఎత్తు వరుసలో, నేను డైరీలోకి ఎక్కించని పక్క గడిలో, ఆ నియమం పేరు కిందే ఉంది: 258. మోకాలి నొప్పి అని చెప్పి కొండకు వెళ్లకుండా ఉండిపోయాను.

తప్పు మా మేనమామది. చిత్తూరు కట్టమంచిలో వేసవి సెలవుల్లో నాకు ఆట నేర్పింది ఆయనే. ఆయన ఆటలో బంటు ఎప్పుడూ ఒక్క గడే కదులుతుంది. కోటలో దాక్కోవడం ఉండదు, దాని బదులు రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా గెంతవచ్చు. తరవాత స్నేహితుల దగ్గర రెండు గడుల దూకుడు నేర్చుకున్నాను గానీ, దూకిన బంటును దారిలోనే పట్టుకోవచ్చని ఎవరూ చెప్పలేదు. నాకు రానిది నా ప్రోగ్రామ్‌కు ఎలా వస్తుంది?

దిద్దడం కూడా తేలిక కాదు. బోర్డును ఫోటో తీసి చూస్తే ఆ ఎత్తు చెల్లుతుందో లేదో తెలియదు. దూకిన మరుసటి ఎత్తులోనే కొట్టాలి, ఆలస్యమైతే హక్కు పోతుంది. అందుకని కిందటి ఎత్తు ఏమిటో ప్రోగ్రామ్ గుర్తుంచుకోవాలి, ఎత్తు వెనక్కి తీసినప్పుడు ఆ జ్ఞాపకాన్నీ వెనక్కి తీయాలి. ఒకే వరుసలోంచి రెండు బంట్లు ఒకేసారి లేచిపోతాయి కాబట్టి అవతల ఉన్న ఏనుగుకు రాజు దొరికిపోవచ్చు. ఆ చిక్కు విప్పడానికి మరో నాలుగు రోజులు పట్టింది. 48,65,609 మాత్రం వాళ్లు కొండ దిగేలోపే తెర మీదికి వచ్చింది. ప్రసాదం లడ్డు మొదట ఆ అమ్మాయికే పెట్టాను.

ఆ తరవాతి, పనికిరాని దారులను చూడకుండా వదిలేసే ఆల్ఫా బీటా లాంటివన్నీ పుస్తకాల్లో ఉన్నవే, చకచకా అయ్యాయి. ప్రస్తుతం ఉన్న జబ్బు వేరు: మంత్రి ఎక్కువ ఉండి కూడా అదే చెక్ చెబుతూ ఒకే స్థితిని మూడుసార్లు తెప్పించి, గెలిచే ఆటను డ్రా చేసుకుంటోంది. ఇంతకుముందు ఇదే స్థితి వచ్చిందని దానికి గుర్తు లేదు. ఫోనులో స్టాక్‌ఫిష్ లాంటి గొప్ప చదరంగం ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుండగా ఇదంతా ఎందుకని బెంగళూరులోని మా మేనల్లుడు అడుగుతాడు. 1997లో ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించిన ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ సెకనుకు 20 కోట్ల స్థితులు చూసేదట, నాది పది లక్షలు చూస్తే గొప్ప. చిత్తూరు బజారులో మామిడిపళ్లు దొరుకుతున్నాయని పెరట్లో చెట్టు కొట్టేస్తామా?

ఈ మధ్య మామయ్య నియమాలతో ఇంకో ప్రోగ్రామ్ మొదలుపెట్టాను. అందులో మొదటి ఎత్తుకు 20 కాదు, 14 దారులు: బంట్లవి 8, గుర్రాలవి 4, రాజు గెంతువి 2. రెండో ఎత్తుకు 196. ఆపైన సరిచూసుకోవడానికి నాకు ఏ పట్టికా దొరకలేదు, మామయ్యే దిక్కు. చెక్ పడ్డాక రాజు గెంతవచ్చా అని ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేసి అడిగాను. రెండుసార్లు గెంతవచ్చన్నారు, ఒకసారి కూడదన్నారు.