రుమాలు అదిమితే సరిపోదు

ప్రశ్న: నిజాం కాలంలో క్లోరోఫామ్ మత్తు ఇచ్చిన డాక్టర్ రూపాబాయి ఫర్దూంజీ మీద నవల రాస్తున్నాను. 1889 నాటి ఆపరేషన్ సీన్‌కి ఏం జాగ్రత్తలు తీసుకోవాలండీ? – పాఠకురాలు, నల్లకుంట

జవాబు: ఉస్మానియా భవనం అప్పటికి లేదమ్మా, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి అని రాయండి. రుమాలు అదమగానే రోగి ఒరిగిపోడు, నిమిషాలు పడుతుంది. పొట్లంలా చుట్టిన గుడ్డలో దూది, దానిమీద క్లోరోఫామ్ చుక్కలు. గాలి ఆడాలి, చర్మానికి తగిలితే మంట. ఆమె వేళ్లు నాడి మీద కాదు, కళ్లు రోగి పొట్ట కదలిక మీద ఉండాలి. శ్వాసే చూడమని ఆమె గురువు డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పట్టుపట్టేవారు. మత్తు తేలిగ్గా ఉన్నప్పుడే గుండె ఆగిపోవచ్చని 1911లో లెవీ అనే పరిశోధకుడు చూపించారు. మీ పాత్రకు ఆ సంగతి తెలియకూడదు. దీపం దగ్గర పెడితే ఆవిరి విషవాయువై గదంతా దగ్గు. ఈ సీన్ తప్పక రాయండి.