ఒక్కణ్ణే ఎక్కితే పడవ ముక్కు లేస్తోంది, ఇసుక బస్తా వెయ్యనా?

12 అడుగుల అల్యూమినియం పడవ, వెనక 9.9 హార్స్‌పవర్ ఇంజన్, ఒక్కణ్ణే ఎక్కితే ముక్కు ఆకాశం చూస్తోంది, స్పీడ్ పెంచితే ఎగిరెగిరి పడుతోంది, ముందు ఇసుక బస్తా వేస్తే సరిపోతుందా అని అడిగారు. వేస్తే ముక్కు దిగుతుంది. అయినా వెయ్యొద్దు. మొదట వెనకున్న బరువు తియ్యండి.

నేనుండేది రామంతాపూర్‌లో, ఫ్రిజ్‌లు ఏసీలు బాగుచేసే పని. నేనూ మా బావమరిదీ కలిసి కొన్న పడవ నాగార్జునసాగర్ బ్యాక్‌వాటర్‌లో, దేవరకొండ అవతల తెలిసినవాళ్ల దగ్గర ఉంటుంది. ఇంజన్ మాత్రం ప్రతిసారీ ఇంటికి తెచ్చుకుంటాం. మీ పడవకన్నా అరడుగు పొట్టి, రోగం మాత్రం అచ్చం ఇదే.

ఏడాదిపాటు తప్పు ఇంజన్‌దే అనుకున్నాం. విసుగొచ్చి ఒకరోజు సామానంతా మా గల్లీ చివర పాత ఇనుప సామాను కొట్టులో కాటా మీద పెట్టించాను. ఇంజన్ 41 కిలోలు. 24 లీటర్ల ట్యాంకు నిండా పెట్రోలుతో 21 (పెట్రోలు లీటరు ముప్పావు కిలో తూగుతుందంతే, నీళ్ల లెక్క వెయ్యకండి). ట్రోలింగ్ మోటారు (పడవని నెమ్మదిగా నడిపే చిన్న కరెంటు మోటారు) బ్యాటరీ 28. లంగరు, తాడు కలిపి 7. చివరికి నేనెక్కితే 78. "అన్నా, నిన్ను గూడ అమ్ముతవా?" అన్నాడు కొట్టతను. మొత్తం 175 కిలోలు, అదంతా వెనక మూడడుగుల లోపలే.

వైజాగ్ కాలనీ దగ్గర వలలు వేసే పెద్దాయన ఒకాయన మా పడవని చూసి ఒక్క ముక్కలో తేల్చేశాడు: "అమరంలో కాపరం పెట్టీసి అణియం దిగమంటే ఎలగ దిగుతాది?" అణియం అంటే పడవ ముందు భాగం, అమరం వెనక భాగం. నాకూ ఆరోజే తెలిసింది.

కావడి మోసినవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. భుజానికి దగ్గరగా కట్టిన పెద్ద మూట కన్నా బద్ద చివర కట్టిన చిన్న మూటే ఎక్కువ లాగుతుంది. కిలోలని అడుగులతో హెచ్చవేసి చూడండి. 78 కిలోల నేను రెండడుగులు ముందుకు జరిగితే 156. 28 కిలోల బ్యాటరీని వెనక నుంచి ఎనిమిదడుగులు ముందుకు తీసుకుపోతే 224. అంటే నేను కదలకపోయినా బ్యాటరీ ఒక్కటే ఎక్కువ పని చేసిపెడుతుంది.

అందుకే మొదట బ్యాటరీ, లంగరు ముందుకి మార్చాం. బ్యాటరీని దూరం చేస్తే వైరు పొడుగవుతుంది, సన్న వైరైతే వోల్టేజీ పడిపోతుంది, వైరు వేడెక్కుతుంది. రాణిగంజ్‌లో లావు రాగి కేబుల్ కొని, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ వేశాను. ఇక్కడ కక్కుర్తి పడొద్దు. ట్యాంకు నడిమి బల్ల కిందకి వచ్చింది, గొట్టం అందినంత వరకే. టిల్లర్‌కి, అంటే ఇంజన్‌ని తిప్పే పిడికి, పీవీసీ పైపు బిగించి పొడుగు చేసుకుంటే నేనూ రెండడుగులు ముందుకు జరిగాను. అలా జరిగినప్పుడు ఇంజన్ ఆపే ఎర్ర తాడు మీ నడుముకి అందాలి. అందకపోతే పైపు పెట్టుకోకండి. ఒక్కడే ఉన్న పడవలోంచి మనిషి పడిపోతే ఇంజన్ ఆపేది ఆ తాడే.

ఇవన్నీ అయ్యాక ఇంజన్ కోణం చూడండి. బిగించే చోట పిన్ను పట్టే బెజ్జాలుంటాయి. పిన్నుని ఒక బెజ్జం పడవ వైపుకి మారిస్తే ముక్కు దిగుతుంది, ఆ ఎగిరెగిరి పడటమూ తగ్గుతుంది. బరువులు సర్దకుండా ముందే పిన్నుతో కుస్తీ పడితే, ఇద్దరు ఎక్కిన రోజున మళ్లీ మొదటికొస్తుంది. ముక్కుని మరీ దించొద్దు కూడా. ముందు బరువెక్కువైతే అలలోకి దూసుకుపోతుంది, ఎటు తిప్పినా మాట వినదు. పరిగెత్తేటప్పుడు ముక్కు కాస్త పైకే ఉండాలి.

అప్పటికీ చాలకపోతే 20 లీటర్ల నీళ్ల క్యాను నిండా నింపి, మూత గట్టిగా బిగించి ముక్కు దగ్గర కట్టెయ్యండి. ఖర్మకాలి పడవలోకి నీళ్లొస్తే నీళ్లలో నీళ్లకి బరువుండదు, క్యాను మిమ్మల్ని కిందికి లాగదు. ఇసుక లాగుతుంది. పైగా తిరిగొచ్చేటప్పుడు ఐస్ పెట్టెలో రవ్వ, బొచ్చె చేపలుంటే క్యాను ఒంపేసుకోవచ్చు. లేకపోతే అలాగే తెచ్చుకోవాలి. మేం తరచూ అలాగే తెచ్చుకుంటాం.

మీరు అడగలేదు గానీ, ముందువెనకల కన్నా నన్ను భయపెట్టింది కుడిఎడమలే. ఒక మృగశిర ముందురోజు ముగ్గురం వెళ్లాం, ఇంటికి చేపలు తెస్తామని అందరికీ చెప్పి మరీ. నేను టిల్లర్ పట్టుకుని కుడివైపు కూర్చున్నా. ఐస్ పెట్టె కూడా కుడివైపే. గాలానికి ఏదో పెద్దది పడిందని బావమరిది లేచి అటే వంగాడు. అడుగున ఓ బకెట్ నీళ్లు ఉన్నాయి, ఎత్తిపొయ్యలేదు. అవన్నీ ఒక్కసారిగా ఒరిగిన వైపుకే జారాయి. అంచు మీంచి చల్లటి నీళ్లు నా ఒళ్లోకి పడ్డాయి. "బావా, నీళ్లొస్తున్నయ్!" అన్నాడు వాడు, నాకు తెలియనట్టు. మూడోవాడు ఎడమవైపు చతికిలబడ్డాడు కాబట్టి బతికిపోయాం. చేప పోయింది. ఇంట్లో బేగంబజార్ చేపలు తిన్నారు.

అప్పట్నుంచి ట్యాంకు, ఐస్ పెట్టె ఎడమకి, నేను కుడికి. అడుగున నీళ్లు చెంబెడు కనిపించినా తోడేస్తాం. లైఫ్ జాకెట్ లేనిదే ఎవరూ ఎక్కరు, లేచేవాడు చెప్పి లేవాలి.

ఎంతమంది ఎక్కొచ్చు అంటే, వెల్డింగ్ షాపు పడవలకి కెపాసిటీ ప్లేటు (ఎంతమంది, ఎంత బరువు అని రాసుండే రేకు) ఉండదు కాబట్టి నేను వాడే లెక్క: పొడవూ వెడల్పూ అడుగుల్లో హెచ్చవేసి 15తో భాగించడం. మీది నాలుగున్నర అడుగుల వెడల్పైతే 54 భాగించు 15, మూడున్నర చిల్లర, అంటే ముగ్గురు. అదీ గాలి లేని రోజు.

ట్రయల్ గండిపేటలో వేద్దామనుకుంటున్నా అన్నారు. గండిపేట చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్, కట్టింది వరదలు ఆపడానికీ ఊరికి తాగునీళ్లకీ, దాంట్లో పెట్రోలు ఇంజన్ దించొద్దు. సాగర్‌కే పట్టుకెళ్లండి, పొద్దున గాలి లేవకముందే. ఇంజన్ స్టార్ట్ చెయ్యకముందు, మీరు మీ చోట కూర్చుని ఉండగా, ఒడ్డు నుంచి పక్కకి ఒక ఫొటో తీయించి ఇక్కడ పెట్టండి. నీటి గీత ఎక్కడుందో చూస్తే క్యాను కావాలో వద్దో చెప్తాను.