పేలు మళ్ళీ ఎందుకొస్తున్నాయి?

ప్రశ్న: మా పాప రెండో తరగతి. పిల్లల తలలు చూసి పంపమని బడి నుంచి నోటు వచ్చింది. పర్మెత్రిన్ మందు పెట్టాం. పది రోజులకే మళ్ళీ పేలు! బడి మాన్పించాలా?
- ఒక తల్లి, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: మాన్పించక్కర్లేదమ్మా. ఆ మందుకు పేలు చస్తాయి కానీ ఈపులన్నీ చావవు. 7-10 రోజుల్లో పిల్లలవుతాయి. అందుకే తొమ్మిదో రోజున రెండోసారి పెట్టాలి. 1 శాతం మందే కొనండి. కండిషనర్ లేకుండా తలస్నానం చేయించి, తడి తుడిచి, కుదుళ్ళకు పట్టించి, 10 నిమిషాలకు కడిగేయండి. నూనె ఉన్న తలకు మందు పెడితే సరిగా పట్టదు. ఆపైన రెండు మూడు రోజులకోసారి, మూడు వారాలపాటు, పాయలు తీసి పేల దువ్వెనతో దువ్వండి. ఇంట్లో అందరి తలలూ చూడండి, అసలు తిరకాసు అక్కడే. దిండు గలీబులు వేడినీళ్ళలో ఉతికితే చాలు. కిరోసిన్ మాత్రం వద్దేవద్దు, నిప్పంటుకునే ప్రమాదం.