సంఘమంతా కలిసి పాడాలంటే ఆర్గన్ వాయించేవారు ఏం చేయాలి?

మీ సంఘంలో కొత్త కీబోర్డు, స్పీకర్లు వచ్చాక పాటలు వినసొంపుగానే ఉన్నాయని, అయితే బెంచీలలో కూర్చున్నవారు పాడటం తగ్గించి వింటూ ఉండిపోతున్నారని రాశారు. వాయించేవారు తమ పద్ధతిలో ఏమి మార్చుకుంటే సంఘం మళ్లీ గొంతెత్తి పాడుతుందని మీరు అడిగారు. చిత్తూరులోని ఒక సంఘంలో నేను 22 ఏళ్లుగా ఆదివారం ఆరాధనకు వాయిస్తున్నాను. మొదట్లో కాళ్లతో తొక్కే పాత రీడ్ ఆర్గన్ ఉండేది, తరువాత ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చింది. మీరు చెప్పిన పరిస్థితి మా దగ్గర కూడా వచ్చింది, దానికి నేను వాయించిన తీరు కూడా ఒక కారణమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఏడేళ్ల కిందట స్కూటరు జారి నా కుడి మణికట్టు విరిగింది. 10 వారాలు వాయించలేక, వెనుక నుంచి రెండో బెంచీలో కూర్చున్నాను. అంతకు ముందు 15 ఏళ్లలో ఒక్క ఆదివారం కూడా నేను మా పాటను ఆ చోటు నుంచి వినలేదు. నా స్థానంలో వాయించిన కుర్రవాడు నా దగ్గరే నేర్చుకున్నవాడు కాబట్టి, శ్రుతి, నడక, పాట ముందు వాయించే ఎత్తుగడ అన్నీ నావే. మొదటి పాటకే మా వరుసలో సగం మంది పుస్తకం తెరిచి పట్టుకుని మౌనంగా నిలబడ్డారు. నా ముందు బెంచీలో ఒక అవ్వ ఉండేది. పుస్తకం చూడకుండా చరణాలన్నీ పాడగల ఆమె కూడా, రెండో పాదం వచ్చేసరికి పెదవులు మాత్రమే కదిలిస్తోంది. ఆరాధన ముగిశాక అడిగితే, "మీరు అంత పైకి ఎత్తుకుంటే మా గొంతు యాడికి వస్తుంది నాయనా" అని చెప్పింది.

అయితే అదే ఆరాధనలో, కానుకలు బల్ల దగ్గరికి తెచ్చినప్పుడు పాడే చిన్న స్తుతి చరణానికి మాత్రం గుడి అంతా ఒక్కసారిగా పాడింది. ఆ అవ్వ పాడింది, చివరి బెంచీలో ఆలస్యంగా వచ్చి కూర్చున్న మగవారు కూడా పాడారు. మరుసటి ఆదివారమూ, ఆ తరువాతి ఆదివారమూ అదే జరిగింది. ఈ ఒక్క రాగం అందరికీ ఎందుకు అందుతున్నదో తెలుసుకోవాలని ఇంట్లో ఎడమ చేత్తోనే దానిని మళ్లీ మళ్లీ వాయించి చూశాను. అది 1551 నాటి జెనీవా కీర్తనల పుస్తకంలో అచ్చయిన రాగం, ఈనాటికీ ప్రపంచంలో ఎన్నో సంఘాలు పాడుతున్నాయి. దాని విస్తృతి ఒక్క స్థాయి (‘స’ నుంచి పై ‘స’ వరకు ఉండేంత దూరం) మాత్రమే, కింది పంచమం (‘ప’) నుంచి పై పంచమం వరకు. స్వరాలు ఎక్కువగా పక్క పక్క మెట్ల మీదనే నడుస్తాయి, వాటి నిడివి దాదాపు సమానం. ప్రతి పాదం చివర ఆగి ఊపిరి తీసుకునే చోటు ఉంది. మిగిలిన పాటలలో నేను సంఘానికి ఇవ్వనివి ఇవేనని అర్థమైంది.

అన్నిటికంటే ముందు శ్రుతి చూడాలి. గాయక బృందంలోని అమ్మాయిలకు అనుకూలమని నేను శ్రుతిని ఏళ్ల తరబడి కొంచెం కొంచెం పెంచుతూ వచ్చాను. పాశ్చాత్య పాటల పుస్తకాలలోని శ్రుతి నాలుగు గాత్రాల కోసం పెట్టినది, అక్కడ పై స్వరం అందనివారు కింది గాత్రంలోకి వెళ్లి పాడతారు. మన సంఘాలలో అందరూ ఒకే రాగం పాడతారు, మగవారు ఒక స్థాయి కిందుగా అదే పాడతారు, కాబట్టి పైకి అందనివారికి మౌనం తప్ప మరో దారి లేదు. ఇప్పుడు నేను పాటించే హద్దు ఏమిటంటే, కీబోర్డు మధ్యలో ఉండే ‘సి’కి పైన వచ్చే రెండో ‘డి’ని రాగంలోని ఏ స్వరమూ దాటకూడదు. నాలుగు శ్రుతిలో (‘ఎఫ్’) అచ్చయిన పాటలు చాలావాటిని రెండుకో (‘డి’) రెండున్నరకో దించాను. మన రాగతాళాలలో కట్టిన కీర్తనల విషయంలో మరో జాగ్రత్త అవసరం. పల్లవి కింద నడుస్తుంది, చరణం పై షడ్జమాన్ని (‘స’) తాకుతుంది, కొన్నిసార్లు దానిని దాటుతుంది. అందువల్ల పల్లవిని చూసి శ్రుతి పెట్టకండి, చరణంలోని అత్యున్నత స్వరాన్ని చూసి పెట్టండి.

నడక సంగతి ఇంతకంటే కష్టమైనది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. 30 మీటర్ల పొడవున్న గుడిలో మీరు నొక్కిన స్వరం వెనుక బెంచీకి చేరడానికి దాదాపు సెకనులో పదో వంతు పడుతుంది, వారి గొంతు మీ దగ్గరికి రావడానికి మళ్లీ అంతే పడుతుంది. వారు ఆలస్యమయ్యారనుకుని మీరు నెమ్మదిస్తే, మీ నెమ్మదిని విని వారు ఇంకా నెమ్మదిస్తారు, చివరి చరణానికి పాట ఈడ్చుకుపోతుంది. పాదం లోపల చెవికి వినిపించేదాని కోసం ఎదురుచూడకుండా నడకను నిలకడగా ఉంచాలి, పాదం చివర మాత్రం సంఘం ఊపిరి తీసుకునేవరకు ఆగాలి. తొక్కుడు ఆర్గన్ ఉన్న రోజులలో ఈ ఆగడం దానంతట అదే వచ్చేది, ఎందుకంటే తిత్తిలో గాలి సర్దుకోవడానికి నా కాళ్లకు కూడా ఆ క్షణం అవసరమయ్యేది. కీబోర్డుకు ఊపిరి అవసరం లేదు, అందులోని తాళపు యంత్రం ఎవరికోసమూ ఆగదు. ఆరాధన పాటలకు ఆ తాళాన్ని నేను పూర్తిగా మానేశాను, మీరు కూడా మానేయాలని నా గట్టి అభిప్రాయం.

ఇక మన పాటల స్వభావం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో రెండు రకాల పాటలు పక్కపక్కన ఉంటాయి. రాగతాళాలు పైన అచ్చువేసిన కీర్తనలు ఒక రకం, వీటికి బలమైన పునాది వేసినవారిలో పురుషోత్తమ చౌధరి (1803–1890) ముఖ్యులు. పాశ్చాత్య రాగాలకు అనువదించిన గీతాలు రెండో రకం. మా చిత్తూరు వైపు అమెరికన్ ఆర్కాట్ మిషన్ వారు, తిరుపతి, శ్రీకాళహస్తి వైపు జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ వారు పనిచేశారు కాబట్టి ఊరినిబట్టి అలవాటైన రాగాలు కూడా మారుతాయి. అనువాద గీతాలలో ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషు ఛందస్సు ఊనికను, అంటే అక్షరాన్ని నొక్కి పలకడాన్ని, లెక్కపెడుతుంది, చాలా రాగాలు ఊనిక లేని అక్షరంతో మొదలవుతాయి. మన ఛందస్సు గురులఘువులను లెక్కపెడుతుంది. "దేవుడు" అనే మాటలో ‘దే’ గురువు, తక్కిన రెండూ లఘువులు. ఊనిక లేని అక్షరంతో మొదలయ్యే రాగం మీద ఆ మాట పడితే ‘దే’ చిటికెలో ముగిసి ‘వు’ సాగిపోతుంది, పాడేవారి నాలుక తడబడుతుంది. అక్కడ వాయించేవారు దెబ్బ వేసినట్టు ఊనిక పెడితే చిక్కు రెట్టింపవుతుంది. స్వరాలను కలిపి, సమానమైన బరువుతో వాయించి, దీర్ఘాక్షరానికి కొద్దిగా చోటిస్తే మాట తెలుగుగానే వినిపిస్తుంది.

కీర్తనలకు దీనికి భిన్నంగా చేయాలి. ప్రతి తాళపు దెబ్బకు ఎడమ చేత్తో కార్డు (ఒకేసారి నొక్కే స్వరాల గుంపు) మార్చడం నేను చేసిన పెద్ద తప్పు. పెద్దవాళ్లు గమకంతో, అంటే స్వరాన్ని ఊపుతూ పాడుతుంటే నా కార్డు వారి స్వరాన్ని పక్కకు నెట్టేది, వారు పాడటం ఆపేసేవారు. మెట్ల వాయిద్యంలో గమకం పలకదన్నది పాత అభ్యంతరమే, ఆకాశవాణి 1940 నుంచి 1971 వరకు హార్మోనియాన్ని దూరంగా ఉంచడానికి అది కూడా ఒక కారణం. అయినా వాయిద్యం గమకాన్ని పలికించనవసరం లేదు, పలికించేవారికి అడ్డురాకుంటే చాలు. ఇప్పుడు నా ఎడమ చేయి షడ్జమ పంచమాలను మాత్రమే పట్టుకుంటుంది, కుడి చేయి రాగాన్ని సాదాగా నడుపుతుంది.

కీబోర్డులో ఏ ధ్వని ఎంచుకుంటున్నారో కూడా చూడండి. వయొలిన్ల గుంపు వంటి ధ్వనులు మెల్లగా ఉబ్బుతాయి, స్వరం ఎప్పుడు మొదలైందో వెనుకవారికి తెలియదు. ఆర్గన్ ధ్వని నొక్కగానే స్పష్టంగా పలుకుతుంది. ఎత్తుగడగా పాట చివరి పాదాన్ని, పాడబోయే నడకలోనే వాయించి, ఒక్క దెబ్బ నిశ్శబ్దం ఇచ్చి మొదలుపెట్టండి. చేతి నైపుణ్యం చూపే పొడవైన ఎత్తుగడలు విని జనం ఎక్కడ అందుకోవాలో తెలియక ఆగిపోతారు. స్పీకర్ల శబ్దం ఎంత ఉండాలంటే, మనిషికి పక్కవారి గొంతు వినపడాలి, తన గొంతు ఒంటరిగా బయటపడిందన్న జంకు మాత్రం కలగకూడదు. మా దగ్గర గాయక బృందం ముందున్న నాలుగు మైకులను ఒకటికి తగ్గించడానికి అయ్యగారితో రెండు సమావేశాలు పట్టాయి, కొందరు నొచ్చుకున్నారు కూడా. కొత్త పాటను నెలకు ఒకటికి మించి పెట్టకండి.

మా సంఘం మారడానికి ఏడాదికి పైగా పట్టింది. మొదట మగవారి వైపు నుంచి గొంతులు వచ్చాయి, తరువాత వెనుక బెంచీలు కలిశాయి. ఆ అవ్వ ఇప్పుడు లేదు గాని, ఆమె చివరి క్రిస్మస్ ఆరాధనలో చరణాలన్నీ పాడింది, నేను వాయిస్తూనే విన్నాను.

వచ్చే ఆదివారం కీబోర్డు మరొకరికి ఇచ్చి, మీరు చివరి బెంచీలో కూర్చోండి. ఏ పాదం దగ్గర ఎవరు ఆగిపోతున్నారో పుస్తకంలో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. ఆ పాటల పేర్లు, మీరిప్పుడు వాయిస్తున్న శ్రుతి ఇక్కడ రాస్తే, ఒక్కొక్కదానిని ఎంతవరకు దించవచ్చో చూసి చెబుతాను.