తడిసిన తుపాకుల దగ్గర మొదలుపెట్టు

అమ్మాయ్,

బ్రిటన్‌కూ చైనాకూ మధ్య జరిగిన నల్లమందు యుద్ధం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బావుంది, కోపమూ నిజమైనదే. కానీ రెండో పేజీలో "వ్యాపారులు బ్రిటిష్ ప్రభుత్వాన్ని జేబులో వేసుకున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అక్కడ నాకు మనసొప్పలేదు. నీ వయసులో నేను ఇలాంటి వాక్యమే రాస్తే మా ఎడిటర్ గారు దాని కింద ఎర్ర ఇంకుతో గీత గీసి, పక్కన "ఎవరు? ఎప్పుడు? ఎలా?" అని రాసి తిప్పి పంపారు. ఆ ప్రశ్నలే ఇప్పుడు నీకు పంపుతున్నాను.

ఎవరంటే, ముఖ్యంగా విలియం జార్డీన్. ఒకప్పుడు ఓడల్లో డాక్టరు, తర్వాత చైనాలోని కాంటన్ రేవులో నల్లమందు అమ్మి బాగా గడించాడు. ఆ సరుకులో చాలా భాగం మన బీహారు, బెనారసు పొలాల్లో పండిందే. ఈస్టిండియా కంపెనీ దాన్ని కలకత్తాలో వేలం వేసేది. చైనా తీరానికి దొంగచాటుగా చేర్చేది ఈ ప్రైవేటు వ్యాపారులు. 1839లో లిన్ జెషూ అనే చైనా అధికారి 20 వేలకు పైగా పెట్టెలు స్వాధీనం చేసుకుని, కాంటన్‌కు దగ్గరలోని హూమెన్‌లో గోతులు తవ్వించి, నీళ్ళలో ఉప్పూ సున్నమూ వేసి సరుకంతా కరిగించి సముద్రంలోకి వదిలేశాడు. నీళ్ళు పాడవుతాయని సముద్ర దేవతకు క్షమాపణ చెబుతూ ప్రార్థన కూడా రాశాడు. నీ వ్యాసంలో ఈయన ఒక్క వాక్యంలో వచ్చి వెళ్ళిపోయాడు. కాసేపు కూర్చోబెట్టమ్మా.

అదే ఏడు సెప్టెంబరులో జార్డీన్ లండన్‌లో విదేశాంగ మంత్రి పామర్‌స్టన్‌ను కలిశాడు. చైనా తీరం మ్యాపులు ఆయన ముందు పెట్టి, ఎన్ని ఓడలు, ఎంత సైన్యం కావాలో చెప్పాడు. యుద్ధం గెలిచాక 1842లో పామర్‌స్టన్ జార్డీన్ స్నేహితుడైన ఎంపీ జాన్ ఏబెల్ స్మిత్‌కు ఉత్తరం రాస్తూ, మీరిద్దరూ ఇచ్చిన సమాచారం వల్లే అంత వివరంగా ఆదేశాలు పంపగలిగామని ఒప్పుకున్నాడు. నీ వ్యాసానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఇందులో లంచం ఊసే లేదు. మంత్రికి చైనా తెలియదు, తెలిసినవాళ్ళేమో నష్టపోయిన వ్యాపారులు.

'ఎలా' దగ్గర మాత్రం తొందరపడకు. పెట్టెలు అప్పగించమన్నప్పుడు బ్రిటిష్ ప్రతినిధి ఎలియట్, పరిహారం బ్రిటిష్ ప్రభుత్వమే ఇస్తుందని వ్యాపారులకు మాటిచ్చేశాడు. దాంతో వాళ్ళ నష్టం కాస్తా సర్కారు బాకీ అయింది. ఖజానా నుంచి ఇవ్వడం ఇష్టం లేక ఆ బాకీ చైనా నెత్తిన వేశారు. ఇక నల్లమందు మాట వెనక్కిపోయి జెండా గౌరవం ముందుకొచ్చింది. ఈ మాట మారడం ఎక్కడ జరిగిందో, ఎవరి నోట జరిగిందో పట్టుకో. నువ్వు రాయాల్సిన అసలు విషయం అదేనని నా నమ్మకం. ప్రభుత్వానికి సొంత అవసరం లేదని కూడా అనకు. చైనా టీ మీద పన్ను లండన్‌కు, నల్లమందు ఆదాయం కలకత్తాకు ప్రాణం.

పైగా అక్కడ అందరూ తలూపలేదు. 1840 ఏప్రిల్‌లో పార్లమెంటులో ప్రభుత్వాన్ని తప్పుపట్టే తీర్మానం 262-271తో వీగిపోయింది. తొమ్మిదే ఓట్లు! ముప్పై ఏళ్ళ ప్రతిపక్ష ఎంపీ గ్లాడ్‌స్టన్ ఇది అన్యాయపు యుద్ధమని నిలబడి చెప్పాడు. "బ్రిటిషర్లు" అని గంపగుత్తగా రాస్తే ఆ 262 మందీ మాయమైపోతారు. యుద్ధం ముగించిన నాన్కింగ్ ఒప్పందం, చైనా ఇవ్వాల్సి వచ్చిన 2 కోట్ల 10 లక్షల డాలర్లు, అందులో నల్లమందుకు 60 లక్షలు, బ్రిటన్‌కు దక్కిన హాంకాంగ్... ఇవన్నీ నువ్వు సరిగ్గానే రాశావు.

నువ్వు వదిలేసింది ఒకటుంది. 1841 మేలో కాంటన్ దగ్గర సాన్‌యువాన్‌లీలో కుండపోత వాన. 37వ మద్రాసు పదాతి దళంలో ఒక చిన్న జట్టు దారి తప్పి, వేలాది గ్రామస్థుల మధ్య చిక్కుకుపోయింది. తుపాకిమందు తడిసి తుపాకులు పేలలేదు. కొత్తరకం తుపాకులున్న మెరైన్లు వెతుక్కుంటూ వచ్చేదాకా మనవాళ్ళు ఈటెల మధ్య అలాగే నిలబడ్డారు. ఒక సిపాయి చనిపోయాడు. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళు చాలామంది ఉండేవారు. ఆ జట్టులో ఎవరెవరున్నారో ఊహించి రాయొద్దు, పేర్లు కల్పించొద్దు. వాననీ, పేలని తుపాకులనీ మొదటి పేరాలో పెట్టి, అక్కణ్ణుంచి లండన్‌లో ఆ మ్యాపులు పరిచిన బల్ల దాకా వెనక్కి నడు.

తిరగరాసి పంపు. ఎంత పొడుగైనా చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు