దూరపు టార్గెట్ షూటింగ్‌కి ఎలాంటి రైఫిల్ కొనాలి? విడిభాగాలు తెప్పించి సొంతంగా బిగించుకోవచ్చా?

బొబ్బిలి నుంచి ఒక తమ్ముడు అడిగాడు. ఎన్‌సీసీలో .22 రైఫిల్ (0.22 అంగుళాల తూటాది) కాల్చాడట. ఇప్పుడు 300 మీటర్ల టార్గెట్ కొట్టాలని ఉంది, బ్యారెల్ (గొట్టం), యాక్షన్ (తూటా ఎక్కించి పేల్చే భాగం), స్టాక్ (చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే భాగం) విడివిడిగా తెప్పించి రైఫిల్ తయారు చేసుకుంటే ఖర్చు కలిసొస్తుందా అని. నేను విజయనగరంలో పన్నెండేళ్లుగా ఎయిర్ రైఫిల్ (గాలి ఒత్తిడితో కాల్చే తుపాకీ) షూటింగ్ చేస్తున్నాను, వీలు దొరికినప్పుడు 50 మీటర్లు కూడా. నాకు తెలిసింది చెప్తాను.

ముందు చట్టం మాట. అమెరికా వీడియోల్లో చూపించినట్టు బ్యారెల్ కొని ఇంట్లో బిగించడం మన దేశంలో కుదరదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకోవడం ఎంత నేరమో, తయారు చేయడం, మార్చడం కూడా అంతే నేరం. ఆ ఆలోచన ఇవాళే వదిలెయ్. .22కి కూడా కలెక్టర్ ఇచ్చే లైసెన్స్ ఉండాలి. 10 మీటర్ల పోటీల్లో వాడే 4.5 మి.మీ. మ్యాచ్ ఎయిర్ రైఫిల్‌కి మాత్రం లైసెన్స్ అక్కర్లేదు. నువ్వు దానితోనే మొదలుపెట్టు.

10 మీటర్లంటే నిరుత్సాహపడకు. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు, పెన్సిల్ మొనతో పెట్టిన చుక్కంత. పైగా పెల్లెట్, అంటే ఎయిర్ రైఫిల్‌లో వాడే చిన్న సీసపు గుండు, సెకనుకి దాదాపు 170 మీటర్ల వేగంతోనే వెళ్తుంది. .22 మ్యాచ్ తూటా వేగం దానికి రెట్టింపు దాకా ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కాక పెల్లెట్ బ్యారెల్లో ఉన్న ఆ కాస్త సేపట్లో భుజం కదిలినా కాగితం మీద తెలిసిపోతుంది. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ 10 మీటర్లలోనే. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో ఆయనే 50 మీటర్ల రైఫిల్‌లోనూ పతకాలు తెచ్చాడు. ఇక్కడ నేర్చిన ఒడుపు దూరం పెరిగినా పనికొస్తుంది.

ఇక నిజంగా నువ్వు "కట్టుకోవాల్సిన" రైఫిల్ సంగతి. మ్యాచ్ రైఫిల్లో భుజానికి ఆనే బట్ ప్లేట్, చెంప ఆనే చీక్ పీస్, గ్రిప్, చేతి ఆధారం అన్నీ జరుపుకునేవే. వాటిని నీ ఒంటికి సరిపెట్టుకోవడమే అసలు పని. నేను దీన్ని పట్టించుకోక చాలా నష్టపోయాను. మొదట్లో ఒక డీలర్ దగ్గర సెకండ్ హ్యాండ్ రైఫిల్ భుజాన పెట్టి చూడకుండానే కొన్నాను. మూడు నెలలు ఎంత కాల్చినా తూట్లన్నీ ఎడమ పక్క ఎనిమిది పాయింట్ల వలయంలో. మెడ ఒకటే నొప్పి. బ్యారెల్ పాడైందనే అనుకున్నాను. శ్రీకాకుళంలో నాకు నేర్పిన పెద్దాయన రైఫిల్ ముట్టుకోనైనా లేదు. "కళ్లు మూసుకుని భుజాన పెట్టు బాబూ, చెంప ఆనించు, ఇప్పుడు తెరు. ఏటి కనిపిస్తంది?" అన్నారు. వెనక సైట్ (గురి చూసే భాగం) రంధ్రంలో ముందు సైట్ రింగు నడిమధ్యన ఉండాల్సింది, ఒక పక్క నెలవంకలాగ నల్లటి నీడ కనిపించింది. రోజూ ఆ నీడ పోయేదాకా మెడ సాగదీసి కాలుస్తున్నానన్నమాట! ఆయన చీక్ పీస్‌ని నాలుగు మిల్లీమీటర్లు జరిపి, బట్ పొడవు కొంచెం తగ్గించారు. మళ్లీ కళ్లు తెరిచేసరికి రింగు చుట్టూ తెల్లటి అంచు సమానంగా ఉంది. ఆ పూటే తూట్లు మధ్యకి వచ్చాయి.

ఇది ఎందుకంత ముఖ్యమో లెక్క చూడు. రెండు సైట్ల మధ్య దూరం 80 సెం.మీ. అనుకుంటే, ముందు సైట్ దగ్గర పదో వంతు మిల్లీమీటరు తేడా 10 మీటర్ల దగ్గర 1.25 మి.మీ. అవుతుంది, 50 దగ్గర ఆరు మి.మీ. దాటుతుంది, 300 దగ్గర దాదాపు నాలుగు సెంటీమీటర్లు. ఎంత ఖరీదైన బ్యారెల్ పెట్టినా ఆ తప్పు సరిదిద్దలేదు.

ఎయిర్ రైఫిల్ బరువు 5.5 కిలోలు దాటకూడదని నిబంధన. బరువైతే కదలదని అంత బరువుదే వెతక్కు. సన్నగా ఉన్నవాళ్లకి నలభై షాట్లయ్యేసరికి నడుం పట్టేస్తుంది. స్కోప్ (గురి చూసే దుర్భిణి) కొనకు, ఈ పోటీల్లో పెట్టనివ్వరు. ఆ డబ్బు పెల్లెట్లకి పెట్టు. 4.49, 4.50 మి.మీ. సైజులు కొద్దికొద్దిగా తెచ్చి, రైఫిల్‌ని ఇసక సంచి మీద ఆనించి ఒక్కో రకం పదేసి కాల్చు. ఏది దగ్గరగా గుంపు కడితే అదే నీ రైఫిల్‌కి నప్పిన పెల్లెట్. రైఫిల్‌కి బిగించే గాలి సిలిండర్ కొనేటప్పుడు దాని మీద తేదీ చూడు, పదేళ్లు దాటినది వద్దు.

జాగా లేదని బెంగ పడకు. మాది పాత పెంకుటిల్లు. వీధి గదిలో నిలబడితే పెరటి గుమ్మం దాకా గుమ్మాలన్నీ తిన్నగా ఒకే వరస. టేపు పెడితే 11 మీటర్లు వచ్చింది. చివర ఇనప రేకు పెట్టె, దాని వెనక గోడ. పెరటి తలుపు గడియ వేసి, ఇంట్లోవాళ్లందరినీ నా వెనక్కి రప్పించాకే పెల్లెట్ పెడతాను. అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పెల్లెట్ సీసం కదా. వానాకాలంలో రైఫిల్‌ని స్పాంజి పెట్టెలో వదిలెయ్యకు, మన సముద్రపు తేమకి వారంలోనే తుప్పు చుక్కలు పడతాయి. నూనె గుడ్డతో తుడిచి బీరువాలో పెట్టి తాళం వెయ్.

ఏడాది పోయాక లైసెన్స్, షూటింగ్ రేంజ్ సభ్యత్వం చూసుకుని .22కి వెళ్లు. అక్కడ గాలి సంగతి మొదలవుతుంది. గంటకి 16 కిలోమీటర్ల పక్క గాలికి 50 మీటర్ల దగ్గరే తూటా దాదాపు రెండున్నర సెంటీమీటర్లు జరుగుతుంది. అక్కడి పది వలయం వెడల్పు 10.4 మి.మీ. మాత్రమే. 300 మీటర్ల మాట ఆ తర్వాత మాట్లాడుకుందాం.

డబ్బు కట్టేముందు ఒక పని చెయ్. రెండు చేతులూ చాచి, బొటనవేళ్ల మధ్య చిన్న సందు చేసి, దాంట్లోంచి దూరంగా ఉన్న గడియారాన్ని చూడు. ఒక్కో కన్నూ మూస్తూ ఏ కంటికి గడియారం సందులోనే నిలిచిందో గమనించు. ఆ కన్ను ఏదో, నీ ఎత్తు ఎంతో ఇక్కడ రాయి. కుడి స్టాక్ తీసుకోవాలో ఎడమదో, బట్ పొడవు ఎంతలో మొదలుపెట్టాలో చెప్తాను.